బొప్పాయి పాలు, కుందేలు చెవులు

ఎలుకల్లో అరిగిపోయిన డిస్కు మళ్ళీ పెరిగిందట తాతయ్యా, నాన్నకి ఆ ఇంజక్షన్ ఎప్పుడొస్తుంది అని అడిగావు. ప్రశ్న బాగానే ఉంది. కానీ ఎలుక దగ్గర మొదలుపెడితే ఈ కథ అర్థం కాదురా. బొప్పాయి దగ్గర మొదలుపెట్టాలి.

మొజంజాహీ మార్కెట్ అంటే మీకు ఐస్‌క్రీమ్ గుర్తుకొస్తుంది. మాకు పళ్ళు గుర్తుకొస్తాయి. ఏడో నిజాం రెండో కొడుకు మొజం జా పేరు మీద 1935లో లేచిన రాతి కట్టడం అది. 1980లలో పళ్ళ వ్యాపారం గడ్డిఅన్నారానికి తరలిపోయేదాకా ఊరికి పళ్ళు అక్కణ్ణుంచే. పండిన బొప్పాయి కొనేవాళ్ళు ఒకరు, పచ్చి బొప్పాయి కొనేవాళ్ళు ఇంకొకరు. రెండో రకం వాళ్ళు మాంసం వండేవాళ్ళు. పత్తర్ కా గోష్త్‌కి గానీ, బోటీ కబాబుకి గానీ పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి కాసేపు ఉంచితే ఎంత ముదురు మాంసమైనా మెత్తబడుతుంది. పచ్చి కాయకి గాటు పెడితే పాలు కారతాయి చూడు, ఆ పాలలో ఉన్న పపైన్ అనే ఎంజైమ్ మహిమ అది. ప్రోటీన్లను ముక్కలు ముక్కలుగా కోస్తుంది. ఆ పాలే ఒకప్పుడు వెన్ను వైద్యానికి పనికొచ్చాయి.

ముందు డిస్కంటే ఏమిటో చెబుతాను. వెన్నుపూసల మధ్య మనకు 23 డిస్కులుంటాయి. తాటిముంజె తిన్నావు కదా, పైన కాస్త గట్టి పొర, లోపల నీళ్ళతో నిండిన గుజ్జు. డిస్కూ అంతే. కాకపోతే పై పొర ఒకటి కాదు, పదిహేను ఇరవై నార పొరలు. ఒక పొరలో నార ఇటు ఏటవాలుగా ఉంటే, పక్క పొరలో అటు ఏటవాలుగా ఉంటుంది. లోపలి గుజ్జులో నీ వయసులో నూటికి ఎనభై పాళ్ళు నీరే. ఆ నీటిని పట్టి ఉంచేది అగ్రికాన్ అనే పెద్ద అణువు. దాని నడిమి కాడ ప్రోటీన్, ఆ కాడకి రెండు పక్కలా చక్కెర జాతి గొలుసులు. ఆ గొలుసుల మీది రుణ విద్యుదావేశం వల్ల నీరు వాటిని వదిలిపోదు. పగలంతా మనం నిలబడీ కూర్చునీ బరువు మోపితే కొంత నీరు బయటికి పోతుంది, రాత్రి పడుకుంటే తిరిగి లోపలికి వస్తుంది. పొద్దున లేవగానే ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి గోడకి ఆనుకుని ఎత్తు కొలుచుకో. ఒక శాతం దాకా తేడా కనిపిస్తుంది. నమ్మకపోతే నీ ఇష్టం, స్కేలు నీ దగ్గరే ఉంది.

ఇక కుందేలు. అమెరికాలో లూయీ థామస్ అనే వైద్యుడు వేరే ఏదో జబ్బు గురించి పరిశోధిస్తూ కుందేళ్ళ రక్తనాళంలోకి పపైన్ ఎక్కించాడు. అనుకున్నది జరగలేదు. కానీ కొద్ది గంటల్లోనే కుందేళ్ళ చెవులు వాలిపోయాయి. నిటారుగా ఉండే చెవులు కుక్కపిల్ల చెవుల్లా వేలాడుతున్నాయి. కొద్ది రోజులకి వాటంతటవే మళ్ళీ లేచి నిలబడ్డాయి. వింతే గానీ, దాని వల్ల ఏ జబ్బుకి ఏం తెలిసిందని అప్పటికి వదిలేశాడు. ఏళ్ళు గడిచాక విద్యార్థులకు పాఠం చెబుతూ ఈ తమాషా చూపించబోయి, ఈసారి పపైన్ ఎక్కించిన కుందేలు చెవినీ, మామూలు కుందేలు చెవినీ పక్కపక్కన పెట్టి చూశాడు. చెవిలో వంగే మెత్తటి ఎముక ఉంటుంది కదా, మృదులాస్థి, అందులో కణాలు చెక్కుచెదరలేదు. కణాల మధ్య ఉండాల్సిన పదార్థమే తరిగిపోయింది. అంతకుముందు ఆయన కణాలనే చూశాడు, అవి బాగానే ఉన్నాయని ఊరుకున్నాడు. 1956లో ఈ సంగతి ప్రచురించాడు. అందులోనే ఇంకో మాట కూడా ఉంది: కార్టిజోన్ ఇస్తే ఆ చెవులు మళ్ళీ లేవలేదు.

ఇక్కడొక పిట్టకథ. ఆరన్ కెల్నర్ అనే ఇంకో శాస్త్రవేత్త కూడా పపైన్ ఎక్కించిన కుందేళ్ళ చెవులు వాలడం చూశాడు. ఆయన ధ్యాసంతా గుండె కండరం మీద ఉండటంతో చెవుల జోలికి పోలేదు. 1958లో ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఈ ఇద్దర్నీ కలిసి, ఒకే వింతని చూసి ఒకరు పట్టుకోవడం, ఒకరు వదిలేయడం ఎలా జరిగిందో రాశారు. మా కాలపు మాస్టర్లు ఈ కథ చెప్పి వదిలేసినవాణ్ణి వెక్కిరించేవారు. నాకు మాత్రం అది న్యాయంగా తోచదు. ప్రయోగశాలలో రోజుకో వింత కనిపిస్తుంది, అన్నిటి వెంటా పరిగెడితే చేతిలో పని ఎప్పటికి తెమిలేను?

అమెరికాలోనే లైమన్ స్మిత్ అనే ఎముకల డాక్టరుకి ఆ వాలిన చెవుల్లో ఒక దారి కనిపించింది. జారిన డిస్కు గుజ్జు నరాన్ని నొక్కితేనే కదా నడుము నుంచి పాదం దాకా ఆ లాగుడు, సయాటికా. గుజ్జులో ఉన్నదీ మృదులాస్థిలో ఉన్నదీ దాదాపు ఒకే సరుకు. మరి కత్తి పెట్టకుండా సూదితో బొప్పాయి ఎంజైమ్ పంపి గుజ్జుని కరిగిస్తే? పపైన్ దాయాది కైమోపపైన్ తీసుకుని కుందేళ్ళలో, కుక్కల్లో చూశాడు. గుజ్జు కరిగింది, చుట్టూ ఉన్న నార నిలిచింది. 1963లో మనుషులకి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఎన్నో తగవుల తర్వాత 1982లో అమెరికా ప్రభుత్వం ఆ మందుకి అనుమతిచ్చింది. కొన్నాళ్ళు దాని వైభవం చూడాలి! చాలామందికి కాలి లాగుడు నిజంగానే తగ్గింది కూడా.

దెబ్బ ఎక్కడ తగిలిందంటే, నూటికి ఒకరిలోపు మందికి ఇంజక్షన్ పడగానే ఒళ్ళంతా తీవ్రమైన అలర్జీ వచ్చి ప్రాణం మీదికి వచ్చింది. బొప్పాయి ఎంజైమ్ కలిపిన మాంసం పొడులూ అవీ ఇవీ ముందే ఒంటికి అలవాటై, కొందరి రక్తం ఆ ప్రోటీన్‌ని శత్రువుగా గుర్తుపెట్టుకుని ఉంది. ప్రయోగశాల కుందేలు జన్మలో కబాబు తిని ఎరగదు కదా, ఆ ప్రమాదం అది ఎలా చెబుతుంది? అరుదుగా కొందరికి వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు పడిపోయాయి. 2003 నాటికి అమెరికాలో ఆ మందు అమ్మకం ఆగిపోయింది. జపాన్‌లో మాత్రం అదే ఆలోచనతో, బొప్పాయి బదులు ఒక సూక్ష్మజీవి నుంచి తీసిన ఎంజైమ్‌కి 2018లో అనుమతిచ్చారు. అది ప్రోటీన్ కాడని కోయదు, చక్కెర గొలుసులనే తెంపుతుంది.

ఇదంతా కరిగించడం కథ. కరిగించడం తేలికేరా. నువ్వడిగింది పెంచడం గురించి.

కుందేలు చెవి తనంతట తానే లేచింది కదా, కైమోపపైన్‌తో కరిగించిన కుక్కల డిస్కులు కూడా నెలల మీద కొంత ఎత్తు తిరిగి తెచ్చుకున్నాయి. దాంతో శాస్త్రవేత్తలకి ఆశ పుట్టింది. అక్కణ్ణుంచి ఒక పద్ధతి స్థిరపడింది: కుందేలు డిస్కుని సూదితో పొడుస్తారు, కొన్ని వారాల్లో అది ఎండి కుంగుతుంది, అప్పుడు ఏదో ఒక మందు ఎక్కించి లేస్తుందేమో చూస్తారు. బీఎంపీ-7 అనే పెరుగుదల ప్రోటీన్ ఒక్క మోతాదు ఎక్కిస్తే కుందేలు డిస్కు చక్కగా ఎత్తు పెరిగింది. అదే మందుని నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ పశువైద్యులు, తమంతట తామే డిస్కులు చెడిన కుక్కలకి ఇచ్చి 2015లో ఫలితం రాశారు. డిస్కు బాగుపడలేదు. పైగా మోతాదు పెంచిన చోట డిస్కు బయట ఎముక మొలిచింది.

ఒకే మందు, రెండు జంతువులు, రెండు జవాబులు. ఇందులో ఏది అబద్ధం? ఏదీ కాదు. కుందేలు కుందేలు సంగతి చెప్పింది, కుక్క కుక్క సంగతి చెప్పింది.

ఈ పాఠం మన ఊరికి నూట ముప్ఫై ఏళ్ళకి ముందే తగిలింది తెలుసా? మొజంజాహీ మార్కెట్ నుంచి అఫ్జల్‌గంజ్ వైపు నడిస్తే ఉస్మానియా ఆస్పత్రి వస్తుంది. దానికి ముందు అక్కడ అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఉండేది, 1908 మూసీ వరదలో పోయింది. ఆ రోజుల్లో హైదరాబాద్ వైద్య పాఠశాలకి పెద్ద ఎడ్వర్డ్ లారీ అనే దొర. ఆపరేషన్ ముందు క్లోరోఫామ్ ఇస్తే కొందరు బల్ల మీదే పోయేవారు. ముందు ఊపిరి ఆగుతోందా, గుండె ఆగుతోందా అని ఇంగ్లండ్‌లో పెద్ద తగువు. ఊపిరే ఆగుతుంది, ఊపిరి చూసుకుంటే చాలు అని లారీ పట్టు. 1888లో ఒకసారి, 1889లో ఇంకోసారి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ అని పెట్టి వందలాది కుక్కలకీ, ఇంకా కోతులు, మేకలు, గుర్రాల్లాంటి వాటికీ క్లోరోఫామ్ పట్టి చూశారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సర్కారు డబ్బిచ్చింది. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే గొప్ప వైద్యుడు వచ్చాడు. ఆయన వచ్చేటప్పుడు గుండెదే తప్పన్నాడు, చూసి వెళ్ళేటప్పుడు ఊపిరిదే అన్నాడు. హైదరాబాద్ పేరు ప్రపంచమంతా మోగింది.

తీరా 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన పిల్లుల మీద చూపించాడు: మత్తు పైపైనే ఉన్నప్పుడు, ఒంట్లో అడ్రినలిన్ ఉప్పొంగితే, క్లోరోఫామ్ గుండెని ఒక్కసారిగా కొట్టుకులాడించి ఆపేస్తుంది. కత్తి చూసి భయపడి బల్ల మీద పెనుగులాడే మనిషి పరిస్థితి సరిగ్గా అదే. మన కమిషన్ కుక్కలు అబద్ధం చెప్పలేదు. మోతాదు ఎక్కువైతే ఏమవుతుందని అడిగారు, అవి దానికే జవాబిచ్చాయి. భయపడ్డ మనిషికి కాస్తే ఇస్తే ఏమవుతుందని ఎవరూ అడగలేదు.

సరే, ఎలుక దగ్గరికి వద్దాం. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, దేశంలోని ఎన్నో ప్రయోగశాలలకి ఎలుకలు పెంచి ఇచ్చే కేంద్రం అక్కడ 1976లో మొదలైంది. ఎలుక చవక, రెండుమూడేళ్ళలో దాని జీవితమంతా చూసేయవచ్చు. డిస్కు ప్రయోగానికైతే దాని తోక చేతికందేలా ఉంటుంది, సూది దించడం సులువు. కానీ తోక ఒంటి బరువు మోయదు కదా.

దానికంటే పెద్ద తిరకాసు ఇంకోటుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు మనందరికీ వీపు పొడుగునా నోటోకార్డ్ అనే కడ్డీ ఉంటుంది, బడి పుస్తకాల్లో పృష్ఠవంశం అని చదివి ఉంటావు. దాని చుట్టూ పూసలు ఏర్పడ్డాక, మిగిలిన ఆ కణాలే డిస్కు గుజ్జులో కాపురం పెడతాయి. మనిషిలో అవి పదేళ్ళు వచ్చేసరికి దాదాపు కనుమరుగవుతాయి. ఎలుకలో, కుందేల్లో, పందిలో పెద్దయ్యాక కూడా ఉంటాయి. గుజ్జుని కాపాడటంలో అవి గట్టివి. అంటే ఎలుక డిస్కుకి రిపేరు చేసే మేస్త్రీలు ఇంట్లోనే ఉన్నారు, మీ నాన్న డిస్కు నుంచి వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. పొడిచిన ఎలుక డిస్కు లేస్తే, మన మందు లేపిందా, దాని మేస్త్రీలు లేపారా?

కుక్కల్లో ఇంకా విచిత్రం. పొట్టి కాళ్ళ డాక్స్‌హుండ్, బీగిల్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ జాతుల్లో ఈ కణాలు ఏడాది తిరక్కుండానే పోతాయి, మూడు నాలుగేళ్ళకే డిస్కులు జారతాయి. మామూలు కాళ్ళ కుక్కల్లో చాలాకాలం ఉంటాయి. 1952లోనే స్వీడన్‌లో హాన్సెన్ అనే పశువైద్యుడు కుక్కల డిస్కు జబ్బు రెండు రకాలని విడదీశాడు. ఆ పొట్టి కాళ్ళకీ, ఈ డిస్కులకీ ఒకే జన్యువు అదనపు నకలు కారణమని 2017లో కాలిఫోర్నియాలో తేలింది. ముద్దొస్తున్నాయని మనుషులే తరతరాలుగా ఆ పొట్టి కాళ్ళను ఏరుకుని పెంచారు. కాళ్ళతో పాటు నడుం నొప్పి కూడా వచ్చిందని అప్పుడెవరికి తెలుసు?

మనిషి రెండు కాళ్ళ మీద నిలబడ్డందుకే ఈ నడుం బాధ అని మా తరంలో అందరూ అనేవారు, నేనూ అన్నాను. నాలుగు కాళ్ళ డాక్స్‌హుండ్ ఆ మాట ఒప్పుకోదు. నాలుగు కాళ్ళ జంతువుకి కూడా వీపు కండరాలు రెండు వైపుల నుంచీ బిగించి లాగుతాయి, పూసల మీద ఒత్తిడి తక్కువేమీ ఉండదు.

ఇంకో తేడా సైజుది. డిస్కు లోపల రక్తనాళాలు ఉండవు. మన ఒంట్లో రక్తం అందని భాగాల్లో అన్నిటికంటే పెద్దది అదే. పైనా కిందా ఉన్న పూసల్లోంచి ఆహారం, పూసకీ డిస్కుకీ మధ్య ఉండే పలకల గుండా మెల్లగా ఊరి లోపలికి చేరాలి. ఎలుక డిస్కు ఎత్తు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. మన నడుము డిస్కు పది మిల్లీమీటర్లు. నడిమధ్యలో ఉన్న కణానికి దగ్గరి రక్తనాళం ఆరేడు మిల్లీమీటర్ల దూరం. కోయంబత్తూరులో, మన తెలుగువాళ్ళు తరాలుగా స్థిరపడ్డ ఊరే, గంగా హాస్పిటల్ డాక్టర్ రాజశేఖరన్ బృందం ఈ ప్రయాణాన్ని కొలిచింది. మనుషుల రక్తంలోకి ఎమ్మారైలో కనిపించే మందు ఎక్కించి వరసగా ఫొటోలు తీస్తే, అది డిస్కు మధ్యకి పూర్తిగా చేరడానికి ఆరు గంటలు పట్టింది. 2004లో ఆ పనికి అంతర్జాతీయ బహుమతి వచ్చింది. వయసుతో ఆ పలకలు గట్టిపడ్డాక దారి ఇంకా ఇరుకవుతుంది. అలాంటి చోటికి కొత్త కణాలు తీసుకెళ్ళి వదిలితే అవేం తిని బతుకుతాయి? మూలకణాల ఇంజక్షన్లని నాలుగువందల మందికి పైగా రోగులకి ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష ఒకటి 2021లో ముగిసింది. కొందరికి నొప్పి కాస్త తగ్గినా, ముందు పెట్టుకున్న లక్ష్యాన్ని అది అందుకోలేదు.

అన్నట్టు, ఇప్పుడు చాలా ప్రయోగాలకి బతికున్న జంతువే అక్కర్లేదు. ఆవు తోక మొదట్లో ఉండే డిస్కులు సైజులో మనవాటికి దగ్గర, అందులో కూడా నోటోకార్డ్ కణాలు మిగలవు. కబేళా నుంచి తోకలు తెచ్చుకుని, డిస్కులు తీసి, వారాల తరబడి యంత్రంలో రోజంతా బరువు, రాత్రి విశ్రాంతి ఇస్తూ బతికిస్తారు. నాకు నచ్చిన పద్ధతి అదే. 1960లో మన దేశంలో జంతుహింస నివారణ చట్టం వచ్చింది, దాని కింద ప్రయోగాల మీద కన్నేసి ఉంచే కమిటీ కూడా ఉంది. లారీ దొర రోజుల్లో వీధికుక్క తరఫున అడిగేవాడెవడు?

ఇప్పుడు మీ నాన్న సంగతి. ఎమ్మారై రిపోర్టులో ‘డిస్కు ఎండిపోయింది, ఉబ్బింది’ అని చూసి ఇల్లంతా బెంగపడ్డారు. ఒక లెక్క చెబుతాను. నొప్పి అస్సలు లేనివాళ్ళకి తీసిన స్కానులన్నీ పోగేసి 2015లో లెక్కకట్టారు. ఇరవై ఏళ్ళవాళ్ళలోనే నూటికి 37 మందికి డిస్కు అరుగుదల కనిపించింది. నలభై ఏళ్ళకి 68, ఎనభైకి 96. వీళ్ళెవరికీ నడుం నొప్పి లేదు! బరువులు మోస్తేనే డిస్కులు పాడవుతాయనే మాటనీ ఫిన్లాండ్‌లో 115 జతల మగ కవలల మీద పరీక్షించారు. ఒకే రకం కవలల్లో ఒకడు మూటలు మోసినా, ఇంకొకడు కుర్చీలో కూర్చున్నా, డిస్కులు దాదాపు ఒకే పోలికలో ఉన్నాయి. పనికంటే పుట్టుకే ఎక్కువ పెత్తనం చేసింది. బేగంబజార్ హమాలీకి నడుం నొప్పి రాదని కాదు, ఫొటోలో కనిపించే అరుగుదలకీ నొప్పికీ లంకె అంత నేరుగా లేదు. జారిన గుజ్జు కూడా చాలామందికి నెలల్లో దానంతటదే కరిగిపోతుంది, ఒంట్లోని కణాలే వచ్చి తినేస్తాయి. కాలు పట్టు తప్పడం, మూత్రం మీద అదుపు పోవడం, కూర్చునే చోట తిమ్మిరి ఎక్కడం, ఇవి కనిపిస్తే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి పరిగెత్తాలి. నాన్నకి అవేవీ లేవు, నడవమను.

మరి ఎలుక డిస్కు ఎత్తు పెరిగిందని రాసినవాళ్ళు దానికి నొప్పి ఉందో లేదో ఎలా చూశారు? చాలా ఏళ్ళు అసలు చూడనే లేదు. ఎక్స్‌రేలో ఎత్తు కొలిచారు, ముక్క కోసి రంగు వేసి చూశారు, అంతే. ఇక్కడే ఉట్రెక్ట్ పశువైద్యులు దారి మార్చారు. నడుం నొప్పితో యజమానులు తెచ్చిన కుక్కలకి, నొప్పి మందు నింపిన జెల్‌ని డిస్కులోకి ఎక్కించారు, అది మెల్లమెల్లగా మందు వదులుతూ ఉంటుంది. తర్వాత ఇంట్లో కుక్క ఎలా ఉందో యజమానినే అడిగారు. నేలలో అమర్చిన పలక మీద నడిపించి, వెనక కాళ్ళతో ఎంత బలంగా తోస్తోందో కొలిచారు. ఎక్కువ కుక్కలకి నొప్పి తగ్గింది. కొన్నిటికి మాత్రం కొన్నాళ్ళకి తిరగబెట్టింది.